కత్తెరత్తా, కొత్త వలా

మా మేనత్తకు చుట్టలా ఉన్నదేది కనబడినా కత్తిరించాలి. అది తప్పిస్తే ఆవిడకు వంక పెట్టలేం. మనిషి మంచిది, మాట మంచిది, చేతి కుట్టు ఇంకా మంచిది. కానీ రబ్బరు బ్యాండు, సీసా మూత కింది ప్లాస్టిక్ చుట్టు, సంచీ చెవులు, ఆఫీసువాళ్ల మెడలో గుర్తింపు కార్డు తాడు, ఏదైనా సరే, రెండు కొసలు కలిసి ఉన్నాయంటే ఆవిడ ప్రాణం ఊరుకోదు. నడుముకు వేలాడే చిన్న కత్తెర టక్కున బయటికొస్తుంది. అడగడం తర్వాత. అందుకే రేవు వీధంతా ఆవిణ్ణి కత్తెరత్త అంటారు. ఆవిడకంటే పెద్దవాళ్లు కూడా అలాగే అంటారు.

దీనికంతటికీ కారణం ఒక పక్షి. బట్టలు కుట్టడం మానేసి హాయిగా కూర్చోవలసిన వయసులో అత్త ఒక పొద్దున సముద్రం ఒడ్డుకు షికారుకెళ్లింది. అక్కడొక తెల్లటి పక్షి ముక్కుకు సీసా చుట్టు బిగుసుకుపోయి, నోరు తెరవలేక తూలుతోంది. అత్త దాన్ని పట్టుకుని చుట్టు కత్తిరించింది. అది వెంటనే ఆవిడ వేలు పొడిచి ఎగిరిపోయింది.

విశ్వాసం లేని పక్షి అన్నాను నేను, వేలికి కట్టు కడుతూ.

"పొడిచిందంటే నోరు తెరుచుకున్నట్టేగా," అంది అత్త. మర్నాడే తీర రక్షణ సంఘంలో చేరింది, నన్నూ చేర్పించింది. సంఘంలో మిగతావాళ్లు ఒడ్డున చెత్త ఏరతారు, అట్టలు పట్టుకుని ఊరేగుతారు. అత్త కత్తెర పట్టుకుని ఊరేగుతుంది.

నాది బేకరీ. కేకు డబ్బాకు రిబ్బను కట్టడం నా వృత్తిధర్మం. సాయంత్రాలు కొట్లో కూర్చుని కాలక్షేపం చేయడం అత్త హక్కు. ఈ రెండూ ఒకచోట ఇమడవని నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకాయన కూతురి పుట్టినరోజుకు కేకు కొని, రిబ్బను పట్టుకుని డబ్బా ఎత్తాడు. టక్. కేకు బోర్లా పడింది.

"ఆ రిబ్బను తాబేలు మెడకు పడితే?" అని ఆయన్నే నిలదీసింది.

"ఈయన ఇల్లు సముద్రంలో లేదత్తా."

"ఇంటి ముందు కాలవ ఉందిగా."

ఆయనకు ఇంకో కేకు ఇచ్చి పంపాను. అప్పట్నుంచీ డబ్బాలకు కాగితం అంటిస్తున్నాను.

సంఘానికి ఒక గది దొరికినప్పుడు ప్రారంభోత్సవం పెట్టారు. అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన ముచ్చటపడి గుమ్మానికి రిబ్బను కట్టించి, కొసలు తలుపు వెనక ముడేయించాడు. ముఖ్య అతిథి కారు దిగేలోపే అత్త ఆ పని పూర్తి చేసేసింది. పాపం, ముఖ్య అతిథి పళ్లెంలోని కత్తెర తీసుకుని గాలిని కత్తిరించాడు. మేం చప్పట్లు కొట్టాం.

ఇలా ఉండగా ఒక పొద్దున మాస్టారు ఫోను చేశాడు, తాబేలు వలలో చిక్కిందని. వెళ్లేసరికి ఇసుక మీద నీలం వల కుప్పగా పడి ఉంది. లోపల మా పిండి తొట్టి అంత తాబేలు, దాని మీద తడి గోనె. పక్కనే వల తాలూకు జాలరి తల వంచుకుని కూర్చున్నాడు. వల కొత్తది. ఆ రోజే మొదటిసారి నీళ్లలో దించాడట. అది పోతే ఈ కాలమంతా అతనికి వేట లేదు. ఇదివరకు తాబేళ్లను బతికించే తొందరలో మా సంఘంవాళ్లు రెండు మూడు వలలు కోశారు. దాంతో జాలర్లు మాకు కబురు చేయడమే మానేశారు. ఆ తర్వాత వలల్లో ఏవి చిక్కాయో, ఏవి చచ్చాయో ఎవరికీ తెలియదు.

మాస్టారు కత్తి తీశాడు. జాలరి తలెత్తలేదు.

"కోసెయ్యండి. మీరొచ్చారంటే కోస్తారని తెలుసు," అన్నాడు.

అందరూ అత్త వైపు చూశారు. వలంటే చుట్టలు తప్ప ఇంకేమీ కాదు కదా. జన్మలో ఒక్కసారి దొరికే అవకాశం. అత్త నడుము నుంచి కత్తెర తీసి నా చేతిలో పెట్టింది.

"కొయ్యడానికి వీల్లేదు. కోస్తే ముక్కలు మళ్లీ సముద్రంలోకే పోతాయి. దానికి ఊపిరాడుతోంది మాస్టారూ, మీరు గోనె తడుపుతూ ఉండండి."

మోకాళ్ల నొప్పని కుర్చీలో తప్ప కూర్చోని మనిషి ఇసుకలో చతికిలబడింది. కుట్టు సంచీలోంచి దబ్బనం తీసి, పోగు పోగునా చిక్కు విప్పడం మొదలుపెట్టింది. కదిలినప్పుడల్లా తాబేలును కసిరింది, చిన్నప్పుడు లాగు కొలతలు తీసేటప్పుడు నన్ను కసిరినట్టే. కాసేపటికి జాలరి మెల్లగా జరిగి వచ్చి తాబేలు ముందు రెక్క కదలకుండా పట్టుకున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చాక ఆఖరి పోగు వదిలింది. తాబేలు వెళ్తూ వెళ్తూ అత్త మొహం నిండా ఇసుక కొట్టింది. మేమెవరమూ ఆశ్చర్యపోలేదు.

జాలరి వలంతా తడిమి చూసుకున్నాడు. ఒక్క కన్ను కూడా తెగలేదు.

"ఇకమీదట ఏది పడ్డా మీకే కబురు పెడతానమ్మా. మావాళ్లందరికీ చెప్తాను," అన్నాడు.

అత్తను లేవదీస్తూ చెవిలో అడిగాను, కోసిన ముక్కలు సంచీలో వేసుకుని తెచ్చుకోవచ్చు కదా అని.

"కొత్త వల రా, పాపం," అంది. "మాస్టారుతో అనకు."

అంతలో జాలరి పరుగున వచ్చాడు. ప్లాస్టిక్ తాడుకు చేపలు గుచ్చి, చేతికి తగిలించుకోవడానికి వీలుగా కొసలు ముడేసి తెచ్చాడు. కత్తెర నా జేబులోనే ఉంది కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను. అత్త చెయ్యి నా జేబులోకి ఎప్పుడు వెళ్లిందో తెలియదు.

టక్. చేపలన్నీ ఇసుకలో పడ్డాయి.

"ఏమనుకోకు నాయనా, చేపలు మాత్రం తీసుకుంటాను," అంది అత్త, తాడు మడిచి సంచీలో వేసుకుంటూ.

అందరం వంగి ఏరుకున్నాం, జాలరితో సహా. ఇంటికొచ్చి ఎంత కడిగినా ఇసుక పోలేదు. అత్త మాత్రం చాలా బాగున్నాయంటూ ఇంకొకటి వేయించుకుంది.