నడిమి వరస నౌసోన్

"ముందు వరసలోకి రాను. రానంటే రాను!"

"ఆ గొంతు పెట్టుకుని మధ్యలో దాక్కుంటావేంటయ్యా? మన బృందాన్ని పోషించే పెద్దమనిషి నా పీక మీద కూర్చున్నాడు!"

"అయితే ఆయన్నే ముందు నిలబడి పాడమను."

మాకు పాటా నడకా నేర్పే దేమియాస్ చేతికర్ర విసిరికొట్టాడు. నౌసోన్ దాన్ని తీసి, దుమ్ము దులిపి, మర్యాదగా తిరిగిచ్చాడు. చోటు మాత్రం కదల్లేదు.

ఈ మనిషికి మధ్య తప్ప మరో చోటు పనికిరాదు. మంగలి బల్ల మీద ఇద్దరు కూర్చుంటే చెరో పక్కకి తోసి నడుమ ఇరుక్కుంటాడు. పడవెక్కినా నడుమే. "ఇంట్లోనూ నాకూ మేకకూ మధ్యనే పడక. మేకే నయం, గురక పెట్టదు" అని ఆయన భార్య మిర్తో బావి దగ్గర చెప్పుకునేది.

పండగ నాటకంలో పాడే మా బృందంలో పదిహేను మందిమి. ఐదుగురేసి మూడు వరసలు కట్టి, జంట పిల్లనగ్రోవుల వాడి వెనకాల, పక్కదారి గుండా ప్రవేశగీతం పాడుతూ ఆటస్థలంలోకి నడవాలి. జనం వైపుది ముందు వరస, అందులో మొనగాళ్లు. అవతలి వరసలో ఫరవాలేదనిపించుకున్నవాళ్లు. నడుమ మాలాంటి సన్నాసులు. మా తప్పులు ఎవరికీ కనబడవు. నా సంగతి దాచడమెందుకు? వాదన నేర్పే గురువు దగ్గర్నుంచి ఎనిమిది నెలలకే పారిపోయి వచ్చినవాణ్ణి. నోరు నడిచేది, కాలు నడిచేది కాదు. పైగా వెనకనుంచి నౌసోన్ నా మడమ తొక్కుతూ ఉండేవాడు.

"కళ్లు కనబడవా తాతా?"

"మధ్యలో ఇరుకు కదరా!"

మూడు పండగలు ఇదే పాట.

పండగకి నాలుగు రోజులుందనగా దేమియాస్ ఆయన్ని బలవంతంగా ముందు వరసకి లాగి, అక్కడి బాట్టోన్‌ని నా వెనక పడేశాడు. హమ్మయ్య, మడమ బతికిందనుకున్నాను. ఆ నాలుగు రోజులూ ఎడమ పడాల్సిన చోటల్లా నాకు కుడి పడింది.

"పండగనాడు తప్పావో, నీకు మళ్లీ ముసుగివ్వను. పోయి గాడిదలు కాసుకో!" అన్నాడు దేమియాస్. ఈ పాట కూడా పోతే నాకు మిగిలేది నోరొక్కటే.

పండగ వచ్చింది. పదిహేను మందికీ ఒకేలాంటి ముసలి ముఖం ముసుగు, ఒకేలాంటి తెల్లగడ్డం. పిల్లనగ్రోవులు మోగాయి. మొదటి అడుగే నాకు తప్పింది.

వెనక నౌసోన్ గుసగుస వినబడింది. "బాట్టోన్, జరుగు."

నాలుగు రోజులుగా ముఖం మాడ్చుకున్న బాట్టోన్‌కి అంతకన్నా ఏం కావాలి? ముందు వరసలోకి దూకాడు. దేమియాస్ దూరంగా కూర్చుని గడ్డాలు లెక్కపెట్టుకోవాల్సిందే.

నా మడమ మీద ఓ బొటనవేలు పడింది. ఎడమ. మళ్లీ పడింది. కుడి. పాట ఆఖరి చరణం దాకా నేనొక్క అడుగు తప్పలేదు. అప్పుడు తెలిసింది, మూడేళ్లుగా నేను తిట్టుకున్నది దేన్నో.

నౌసోన్ గొంతు మధ్యలోంచి వచ్చిందని దేమియాస్ పసిగట్టి గంటసేపు తిట్టాడు. నౌసోన్ ఆలివ్ పళ్లు తింటూ శ్రద్ధగా విన్నాడు. దేమియాస్ వెళ్లాక మోకాళ్లు రుద్దుకుంటూ నన్ను పిలిచాడు.

"ఒరేయ్, వచ్చే ఏటికి ఇవి నన్ను మొయ్యవు. నా చోట్లో నువ్వుండు. నీ ముందు ఎవడో తడబడేవాడు నిలబడతాడు, వాడి మడమ తొక్కు. తిడితే తిట్టనీ. ముందు వరసలోకి రమ్మంటే ఊరంతా వినబడేలా పోట్లాడు. కాస్త మెత్తగా తొక్కరా, నీ పాదం నాకన్నా పెద్దది."