మెట్రో మెట్టెక్కని మామయ్య

మా ఇంటి ఓనరు, మేం మామయ్యగారూ అని పిలుచుకునే పెద్దాయన, పోయారు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో కూర్చున్న మనిషి అలాగే కుర్చీలో ఒరిగిపోయారు. ఎదురుగా ఉన్న ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్టు ఒక్కటైనా ఎక్కకుండానే పోయారు. మనిషి పోయినా ఆయన మీద నా కోపం ఇంకా పోలేదు.

రోడ్డుకి ఇవతల ఆయన ఇల్లు, కింది వాటాలో మేము. అవతల వాళ్ల అక్కగారిల్లు. పొద్దున్నే ఇద్దరూ ఎవరి బాల్కనీలో వాళ్లు కూర్చుని, గ్లాసు పైకెత్తి ఒకరికొకరు చూపించుకుని, అప్పుడు టీ తాగేవారు. మేం అద్దెకు దిగిన కొత్తలో నాకది భలే వింతగా ఉండేది.

మెట్రో వస్తుందని తెలిసిన దగ్గర్నుంచీ ఆయనది ఒకటే పాట, రైలు భూమి లోపల్నుంచి పోవాలని. కొలతలకు వచ్చినవాళ్లకు టీ పోయించి మరీ చెప్పారు. కాలనీ మీటింగులో చెప్పారు. కూరగాయలామెను కూడా వదల్లేదు. ఒకరోజు రోడ్డు మధ్యలో పెద్ద గొయ్యి తవ్వడం చూసి గల్లీ అంతా జిలేబీ పంచారు.

"నా మాట ఇన్నరు బిడ్డా. కిందికెల్లే తీస్తున్నరు."

అది పిల్లరు కోసమని నేను చెబితే, నీకేం తెల్వదు తినమన్నారు. ఆ గోతిలోంచే పిల్లరు లేచింది. పిల్లర్ల మీద స్టేషన్ లేచింది. అక్కగారి బాల్కనీ కనబడకుండా పోయింది.

ఇక దాని మెట్టు తొక్కనని ఒట్టు పెట్టుకున్నారు. స్టేషన్‌లోంచి రోడ్డు దాటొచ్చు, లిఫ్టుంది, టికెట్టు కూడా అక్కర్లేదు మహాప్రభో అంటే వింటేగా! చెయ్యి అడ్డం పెట్టి, బస్సుల మధ్యలోంచి, ఆటోవాళ్ల తిట్లు తింటూ అక్క దగ్గరికి వెళ్లేవారు. మా పాపకు డెంగ్యూ వచ్చినప్పుడు రోజూ దవాఖానాకు క్యారేజీ తెచ్చింది ఆయనే, అదీ రెండు బస్సులు మారి. చల్లారిపోయిన అన్నం తింటూ ఆయన్ని తిట్టుకున్నాను, దండం కూడా పెట్టుకున్నాను.

మా గుంటూరు వైపు రాఖీకి ఇంత పట్టింపు లేదు. ఇక్కడ అక్కే తమ్ముడింటికి వచ్చి కట్టాలి. ఆమెకేమో మోకాళ్ల నొప్పులు. లిఫ్టులో తీసుకొస్తానంటే ఆయన ఒప్పుకోలేదు.

"మా ఇద్దరి నడుమ అడ్డం నిలవడ్డదాంట్లకెల్లి మా అక్క ఎందుకు రావాలె?"

తనే వెళ్లి కట్టించుకొచ్చేవారు. నెత్తి కొట్టుకోవడం తప్ప నేను చేయగలిగిందేముంది?

ఆయన పోయిన రోజు అక్కగారిని తీసుకురావడానికి నేనే వెళ్లాను. ఆ ట్రాఫిక్‌లో ఆమెను నడిపించలేక లిఫ్టెక్కించాను. స్టేషన్ మధ్యలో ఇనుప కమ్మీల దగ్గర ఆమె ఆగిపోయారు. అటు తిరిగితే ఆమె బాల్కనీ, ఇటు తిరిగితే ఆయనది. రెండూ ఎంతో దగ్గరగా ఉన్నాయి.

"ఈడికెల్లి రెండిండ్లు మంచిగ కనవడ్తున్నయి గద బిడ్డా," అన్నారు. "ఒక్కపారన్న ఎక్కకపాయె వాడు."

నాకు ఏడుపుతోపాటు మళ్లీ కోపం ముంచుకొచ్చింది. రైలు అందుకోవాలని జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. ఆమె కదల్లేదు. ఎదురుగా బాల్కనీలో ఖాళీ కుర్చీని చూస్తూ, చేతిలో ఏమీ లేకపోయినా, గ్లాసు ఎత్తినట్టే చెయ్యి పైకెత్తారు.