అత్త కన్ను పండిన ఏడాది

మా అత్త పోయిన సోమవారం కన్నుమూసింది. ఎవరు పోయినా మనం అనే మాటే ఇది. మా అత్త విషయంలో మాత్రం అక్షరాలా నిజం. ఆమెకు చూపున్న కన్ను ఒక్కటే. ముందురోజు సాయంత్రం కూడా ఆ కంటితోనే చింతపండులో గింజలు ఏరింది. "ఇదేందే, ఈడొక గింజ ఒదిలిపెట్టినావు" అని నా తప్పు పట్టింది. తెల్లారేసరికి మనిషి లేదు.

పరామర్శకు వచ్చినవాళ్లు ఏడుస్తూ మొదలుపెట్టి, ఆ కన్ను సంగతి రాగానే నవ్వేస్తున్నారు. నాకూ అది చెప్పాలని తహతహగా ఉంది. ఇది చదివే మీ ఇళ్లలోనూ కంట్లో పొర కమ్మిన పెద్దవాళ్లు ఉండవచ్చు. వాళ్లకు పనికొస్తుందని ఖర్చులతో సహా రాస్తున్నాను.

నేను కాపురానికి వచ్చేనాటికే ఆమెకు ఎడమ కన్ను లేదు. పొర తీస్తానని ఊళ్ల వెంట తిరిగే ఒకాయన సూదితో ఆ పొరను లోపలికి తోశాడట. నాలుగు రోజులు లోకమంతా కనబడిందట. తర్వాత చీము పట్టి కన్నే పోయింది. కొన్నేళ్లకు కుడికంట్లోనూ శుక్లం మొదలైంది. ఉన్న ఒక్క కన్నును ఎవరి చేతిలో పెట్టాలన్నదే ఇంట్లో చర్చ. సర్కారు ఆసుపత్రిలో డబ్బు అక్కర్లేదు కానీ, రాత్రింబవళ్లు నేను పక్కనే ఉండడం కుదరదన్నారు. గుంటూరులో సొంతంగా ఆసుపత్రి పెట్టుకున్న ఒక డాక్టరు గారి సంగతి తెలిసింది. ఆపరేషనుకు అరవై రూపాయలు, గదికి రోజుకు రూపాయి, మందులూ కట్లూ వేరే, కళ్లజోడుకు పదిహేను. రైలు చార్జీలతో కలిపి నూరు దాటుతుంది. యుద్ధానికి ముందు మాట ఇది, ఇప్పటి ధరలు మీరు కనుక్కోవాలి. ఆ ఏడు ఆముదాలు అమ్మిన డబ్బు సరిగ్గా అంత ఉంది.

పొర పూర్తిగా పండితేనే కోస్తారని అత్త ఎక్కడో విన్నది. గుంటూరులో డాక్టరు గారు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగితే తడుముకోకుండా "కనపడలా అయ్యా" అంది. ఇంకొంచెం దగ్గరగా పెట్టినా అదే మాట. ఆయన సరేనని చీటీ రాయబోతుంటే అత్త ఉండబట్టలేక, "అయ్యా, ఆ గడియారం గొలుసు బంగారుదేనా?" అని అడిగింది.

డాక్టరు గారు కలం కింద పెట్టి పకపకా నవ్వారు. "పెద్దమ్మా, నీ కన్ను ఇంకా పండలేదు. ఆరు నెలలాగి రా."

రైలులో దారి పొడుగునా గొణుగుడే. "పచ్చిగా ఉందంట. నా కన్నేమన్నా మామిడికాయా?" అత్త భయం నాకు తెలుసు. ఇంట్లో డబ్బు ఆరు నెలలు నిలవదు. అనుకున్నట్టే, ఇల్లు చేరిన మర్నాడే మా ఆయన మొదలుపెట్టాడు.

"అమ్మా, డబ్బు ఊరికే పడుండేది ఎందుకు? ఒక ఎద్దును కొంటా. పంట రాగానే నీది నీకిస్తా."

ఆయన పొలానికి పోయాక అత్త ఆ డబ్బు మూట నా ఒళ్లో పెట్టింది. "ఇది డబ్బు గాదే అమ్మాయ్, నా కన్ను. నీ దగ్గర పెట్టుకో. వాడడిగితే, మా అత్త కన్నును తీసి కాడికి కట్టమంటావా అని అడుగు." నేను అట్లాగే అడిగాను. ఆయన మళ్లీ ఎద్దు మాట ఎత్తలేదు. ఒక పైసా కూడా పక్కకు పోకుండా చూసుకోవడం నాకు అప్పుడే అలవాటైంది. అంతకుముందు నా చేతిలో ఎవరూ డబ్బు పెట్టలేదు.

ఇక రోజూ పొద్దున్నే మా పని ఒకటే. వాకిట్లో నిలబడి నేను వేళ్లు చూపించాలి, ఆమె చెప్పాలి. రైతు మనిషి కదా, పైరును చూసుకున్నట్టే చూసుకునేది. "నిన్నటికన్న చిక్కబడింది. ఇంకొక నెలకు కోతకొస్తాది." ఒకరోజు నేను వేళ్లు చూపిస్తుంటే, "ఏందే, వచ్చినావా లేదా?" అంది. నేను ఎదురుగానే ఉన్నాను. ఆ సంగతి చెప్పగానే, "అమ్మాయ్! ఏం కనపడలేదే! పండిందే!" అని ఒకటే కేకలు. ఏ ఘోరం జరిగిందోనని పక్కింటి పిన్నమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె చేతిలో అత్త బెల్లం ముక్క పెట్టింది.

"చూపు పోయినందుకు బెల్లం పంచేదాన్ని నిన్నే చూసినా అక్కా!"

"తిను, తిను. చూపొచ్చినప్పుడు అరిసెలు పెడతా."

మళ్లీ గుంటూరు వెళ్లాం. ఈసారి డాక్టరు గారు గది చీకటి చేసి దీపం తెచ్చారు. "వెలుతురు తెలుస్తోందా?"

"లేదయ్యా."

దీపం దగ్గరికి తెచ్చారు. "ఇప్పుడు?"

"అంతా చీకటే. ఏమీ తెలవదు. బాగా పండింది."

ఆయన మొహం వాడిపోయింది. నా వైపు తిరిగి, వెలుతురు కూడా తెలియని కన్నును కోసి లాభం లేదన్నారు. పోయినసారి కనబడి చెడిందని, ఈసారి అత్త ఏదీ ఒప్పుకోవడం లేదు! "అత్తా! నిజం చెప్పు! దీపం తెలియకపోతే కొయ్యరంట!" అని అరిచాను.

"అట్లనా? ముందే చెప్పకూడదా? కుడిపక్క పట్టుకున్నావయ్యా. ఆ, ఇప్పుడు పైకెత్తినావు."

మర్నాడు ఆపరేషను చేశారు. కంట్లో చుక్కలు వేసి మొద్దుబారాక కోశారు. మనిషి మెలకువగానే ఉంది. అసలు కష్టం తర్వాతే. తలకు రెండు వైపులా ఇసుక సంచులు పెట్టి, రెండు కళ్లకూ కట్టు కట్టి వెల్లకిలా పడుకోబెట్టారు. పక్కకు తిరగకూడదు, నమలకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. కోసినచోట విడిపోతే ఆ కన్నూ పోయినట్టే. నేను గరిటెతో జావ పోసేదాన్ని. అత్త మాత్రం నోరు కట్టుకోలేదు. "నన్ను నవ్వొద్దన్నాడు గానీ నిన్ను నవ్వించొద్దన్లేదు గదా" అని ఏదో ఒకటి అనేది. నేను కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

వెనక వసారాలో రోగుల బంధువులు వంట చేసుకునేవారు. ఒక మధ్యాహ్నం ఎవరో ఎండుమిరపకాయలతో తిరగమోత వేశారు. ఆ ఘాటు గదిలోకి కొట్టింది. అత్త ముక్కుపుటాలు అదరడం, నోరు తెరుచుకోవడం చూశాను. ఒక్క ఉరుకులో వెళ్లి, ముక్కు కింద పైపెదవి మీద వేలితో గట్టిగా అదిమి పట్టుకున్నాను. ఆమె చేయి నా మణికట్టును బిగించింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. తుమ్ము వచ్చినట్టే వచ్చి వెనక్కు పోయింది. చాలాసేపటికి గానీ నేను వేలు తీయలేదు.

కట్టు విప్పిన రోజు డాక్టరు గారు వేళ్లు చూపించారు. అత్త నా వైపు వంగి మెల్లగా అడిగింది. "అమ్మాయ్, ఈసారి కనపడిందనాల్నా, కనపడలేదనాల్నా?"

డాక్టరు గారు చేతిలోని దూది పారేసి మరీ నవ్వారు.

నెలన్నర తర్వాత కళ్లజోడుకు మళ్లీ వెళ్లాం. లావుపాటి అద్దాలు. అప్పటిదాకా మసకే. అవి పెట్టగానే అంతా తేటపడింది. తిరుగు రైలులో అత్త పెట్టెలో వాళ్లందరికీ కిటికీలోంచి కనబడిందల్లా చెప్పింది. మేకలు, తంతి స్తంభాలు, ఎవరిదో జొన్నచేను. వినుకొండ దాటాక ఆకాశం చూసి, "ఇంత నీలంగా ఉంటాదని మరిచేపోయినానే" అంది.

కురిచేడులో బండి ఆగింది. ప్లాట్‌ఫారం మీద నీలిచీర కట్టుకున్న ఆమె ఎవరో గంప దించుకుంటోంది. అత్త కిటికీ కమ్ముల్లోంచి చెయ్యి చాపింది. "ఓ నీలిచీర అమ్మా! రవంత ఇట్ల తిరుగుమ్మా. ఒక కన్ను ఇప్పుడే వచ్చింది, చూడనీ!"

ఆమె విస్తుపోయి, తర్వాత నవ్వింది. గంప పక్కన పెట్టి, కొంగు రెండు చేతులతో పరిచి పట్టుకుని, నిలబడ్డచోటే మెల్లగా ఒక చుట్టు తిరిగింది. బండి కదిలింది. ఆమె ఇంకా తిరుగుతూనే ఉంది.