క్షేమం లేని ఉత్తరం

ఉత్తరమన్నాక క్షేమంతోనే మొదలవ్వాలన్నది ఆ రోజుల్లో మా సిరిసిల్లలో అందరి నమ్మకం. ఇల్లు కురుస్తున్నా, మగ్గం విరిగినా, అత్తాకోడళ్లు మాట్లాడుకోక నెలైనా సరే, కార్డు మీద మొదటి మాట 'ఇచ్చట మేమందరము క్షేమము'. ఆ వాక్యం నేనెన్నిసార్లు రాశానో లెక్కలేదు. మా వాడలో సగం మంది మగవాళ్లు షోలాపూర్ మిల్లుల్లో పనిచేసేవారు. వాళ్ల ఆడవాళ్లకు రాత రాదు. తొమ్మిదో తరగతి చదివే నాకేమో దస్తూరి ముత్యాల్లా ఉండేది. అందుకని వాడంతా నన్ను 'చిన్న మున్షీ' అనేది. (ఆ పేరుకు నేనెంత పొంగిపోయేదాన్నంటే, చెవి వెనక పెన్సిలు లేకుండా గడప దాటేదాన్ని కాదు.)

అందరికంటే ఎక్కువ రాయించింది పక్కింటి వదినె. బిడ్డ కడుపులో ఉండగా షోలాపూర్ పోయిన ఆమె పెనిమిటి, పిల్లకు ఏడాదిన్నర వచ్చినా ముఖం చూడలేదు. వదినె కార్డు నిండా క్షేమాలు, వానలు, వాడలో పెళ్లిళ్లు చెప్పి, చోటంతా అయిపోయాక గొంతు తగ్గించి, "గా అంచుకు సన్నగ రాయి పిల్లా, జర జల్ది రమ్మను" అనేది. నేను కార్డును అడ్డంగా తిప్పి చీమ తలకాయలంత అక్షరాలతో ఇరికించేదాన్ని. అతని జవాబులో అంచు ప్రస్తావన ఏనాడూ ఉండేది కాదు. 'మీ క్షేమము తెలిసి సంతోషించితిని', అంతే.

ఇట్లా ఉండగా మా ఆడపిల్లల బడికి హైదరాబాద్‌లోని ఒక దుకాణం నుంచి రింగు వచ్చింది. రింగంటే నెట్టుకు అటూ ఇటూ నిలబడి విసురుకునే రబ్బరు చక్రం. మా డ్రిల్లు టీచరు గుంటూరు వైపునుంచి వచ్చినావిడ. కరీంనగర్ పోటీలకు మమ్మల్ని బస్సులో తీసుకుపోతానని మాటిచ్చింది. మానేరు వాగు దాటి ఎరగని నాకు పోటీల కంటే బస్సే ముఖ్యం. కిటికీ పక్క సీటు ఎవరిదన్న దాని మీద అప్పటికే ఒక జగడం కూడా అయింది. తీరా పొట్లం విప్పి చూస్తే రింగు గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. విసిరితే గాలిలో తూలుకుంటూ, మనం చెయ్యి పెట్టిన చోటికి తప్ప అన్ని చోట్లకూ పోయేది. "ఇది మార్పిస్తేనే సరైన ప్రాక్టీసు. ప్రాక్టీసు లేకపోతే పెద్ద టీచరుగారు మిమ్మల్ని బస్సెక్కనివ్వరు" అని డ్రిల్లు టీచరు నా వైపు తిరిగింది. "నీ దస్తూరి బాగుంటుందిగా, దుకాణానికి నువ్వే రాసెయ్యి."

కరీంనగర్ నా చేతిలోకి వచ్చి పడింది. ఆ సాయంత్రం కాళ్లూ చేతులూ కడుక్కుని కూర్చుని రాశాను. 'మహారాజశ్రీ దుకాణం యజమాని గారికి నమస్కారములు. ఇచ్చట మేమందరము క్షేమము. అచ్చట మీరును, మీ దుకాణములోని వారందరును క్షేమమని తలుస్తాము. ఈ యేడు వానలు బాగుగా కురిసినవి.' అట్లా రాస్తూ పోతే కార్డు నిండిపోయింది. అలవాటు ప్రకారం అడ్డంగా తిప్పి, అంచున 'రింగు గుండ్రముగా లేదు' అని ముగించి, నాలుగు మూలలా పసుపు కూడా రాశాను. పది రోజులకు జవాబొచ్చింది. 'మీ క్షేమము తెలిసి మిక్కిలి సంతోషించితిమి. ఇచ్చట మేమును క్షేమము. వానలు ఇచ్చటను బాగుగానే ఉన్నవి.'

"నువ్వు వాళ్లను రింగు అడిగావా, సంబంధం అడిగావా?" అంది డ్రిల్లు టీచరు. పోటీలింకా పక్షం రోజులే. ఇంటికొచ్చి మగ్గం గుంట పక్కన కూర్చుని ఏడ్చాను. మగ్గం నేస్తున్న మా బాపు కాళ్లాడించడం ఆపకుండానే, "నాసి నూలొచ్చి పోగులు తెగుతుంటె నేను నూలిచ్చిన సేటుకు ఉత్తరం రాస్తనా బిడ్డా? తెగిన పోగును కాయితంల సుట్టి పంపుత. తిడితె మళ్ల తిడతడు, నమూన జూస్తె నోరు మూసుకుంటడు" అన్నాడు.

రింగును పంపేస్తే మళ్లీ వస్తుందో రాదో. అందుకని దాన్ని నోటుబుక్కు కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీశాను. కాగితం మీద నిక్షేపంలాంటి గుడ్డు తయారైంది. కింద, 'మీ రింగు ఇది. గుండ్రంగా ఉన్నదా, మీరే చూడండి. పోటీలు దగ్గరికొచ్చినవి, వెంటనే మార్చి పంపండి' అని మాత్రం రాశాను. చదివి వినిపిస్తే మా అవ్వ గుండె బాదుకుంది. "క్షేమం లేకుంట రాస్తె ఎవ్వలో సచ్చిండ్రనుకుంటరే!" నేనూ మళ్లీ పెన్సిలు తీసి, క్షేమం ఇరికించడానికి చోటు వెతికాను. కానీ బస్సు గుర్తొచ్చి కవరు అంటించేశాను.

ఎనిమిదో రోజున కొత్త రింగు వచ్చింది, చందమామలా గుండ్రంగా! కరీంనగర్ పోయాం, మొదటి ఆటలోనే ఓడిపోయాం. (అన్నాళ్లూ గుడ్డు వెంట పరుగెత్తిన చేతులు, నేరుగా వచ్చే రింగును పట్టలేకపోయాయి.) అయినా బస్టాండులో గోలీసోడా తాగాను, కిటికీ పక్కన కూర్చున్నాను. నాకు కొదవేం లేదు. పాత రింగును అవ్వ నీళ్లకడవకు కుదురుగా వేసుకుంది.

మర్నాడు వదినె పిల్లను చంకనేసుకుని వచ్చింది. "రింగు వంకరున్నదని ఒక్క కాయితం పంపితె పట్నం కదిలింది. నా బతుకు వంకరున్నదని రెండేండ్లసంది రాయిస్తున్న, షోలాపూర్ కదుల్తలేదు. నాకు గూడ గసొంటిదే గీసియ్యి పిల్లా" అని పిల్ల కాలు పట్టుకుని కాగితం మీద పెట్టింది. పిల్లకు చక్కిలిగిలి పుట్టి తన్నుకుంది, పెన్సిలు పక్కకు జారింది. గీశాక కింద, 'నీ బిడ్డ పాదం ఇంత అయ్యింది' అని రాశాం. క్షేమం రాయలేదు.

వారం తిరగకుండా అతను వచ్చాడు. సంచి వాకిట్లోనే పడేసి, "పిల్ల కాలేది? కాలు సూపియ్యున్రి!" అని కేక. ఏడుస్తున్న పిల్లను ఒళ్లో వేసుకుని వేళ్లు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "అయిదే!" అన్నాడు. నా పెన్సిలు జారిన చోట ఆరో వేలు మొలిచిందని అప్పుడు తెలిసింది. నేను సిగ్గుపడి చెవి వెనక పెన్సిలు తీసి దాచేశాను. అతను మాత్రం ఆ పాదాన్ని కళ్లకద్దుకుని ఎంతసేపటికీ వదల్లేదు. మళ్లీ షోలాపూర్ పోలేదు, మా బాపు పక్క మగ్గంలోనే కూర్చున్నాడు.

నా ఉత్తరమే మనిషిని ఇంటికి తెచ్చిందని చాలా ఏళ్లు మురిసిపోయాను, పదిమందికి చెప్పుకున్నాను కూడా. ఆ పిల్ల పెళ్లినాడు కాళ్లకు పసుపు రాస్తూ, "ఆ ఆరో వేలు నేను చూసుకోనే లేదు వదినె" అన్నాను. వదినె ఆ పాదం మీదనుంచి చెయ్యి తీయకుండానే నవ్వింది.

"నేను సూసిన్నే పిల్లా. నువ్వేడ తుడుస్తవోనని నాకొకటే ఫికర్."