బొటనవేలు ఎత్తకుండా చదివిన పుస్తకం

నిన్న పొద్దున మా ఫోను మొరాయించింది. మార్కెట్లో టమాటా ఎంత పలికిందో చూద్దామని తెరిస్తే, లోపల చోటు లేదు, ఏదైనా తీసేస్తే తప్ప కుదరదని తెర మీద అడ్డంగా ఒక పలక పెట్టింది. ఏం తీయాలో కూడా అదే చూపించింది. మనవడి పుట్టినరోజు వీడియోలు, తెల్లారగానే ఎవరెవరో పంపే పూలగుత్తుల బొమ్మలు, వాటి కింద వరసగా చిన్న చిన్న రికార్డింగు ముక్కలు. ఆ ముక్కలన్నీ నా గొంతువే, అన్నీ కుప్పంలో ఉన్న మా చిన్నమ్మకు పంపినవే. వాటి చివర ఇంకొకటి, పెద్దది, శుభ్రమైనది. ఫోను లెక్కలో ఇదంతా చెత్త, ఒక్కసారి వేలు పెడితే మొత్తం పోతుంది. కాఫీ చల్లారేదాకా ఆ పలక వంకే చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి, మళ్ళీ ఏం చెడగొట్టారని అడిగింది. ఈ ఇంట్లో నేను ఫోను పట్టుకుని అలా కూర్చుంటే దానికి ఒకటే అర్థం.

నేను పుంగనూరులో పాలకేంద్రంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా నాయన కూలికి పోయాడు, నేను జీతానికి పోయాను. చౌడేపల్లె వైపు ఊళ్ళ నుంచి క్యాన్లలో వచ్చే పాలలో వెన్న ఎంతో, నీళ్ళు ఎన్నో తేల్చడం నా ఉద్యోగం. ఆ పనిలో చూసిన మనుషుల గురించీ ఆవుల గురించీ, మదనపల్లెలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాక ఒక పుస్తకం రాశాను. అచ్చు వేస్తామని ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి నేనే వేసుకున్నాను. సొంతంగా పుస్తకం వేసుకునేవాడికి రాయడం ఒక్కటి వస్తే చాలదని అప్పటిదాకా నాకు తెలియదు. నేను ఫోనులో కష్టపడి కొట్టి పంపిన అధ్యాయాలు ప్రెస్సువాళ్ళ కంప్యూటర్లో తెరుచుకునేసరికి అక్షరాలన్నీ డబ్బాలైపోయేవి. చివరికి ఆపరేటరు పక్కన స్టూలు వేసుకుని మొదటి నుంచి నోటితో చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఎవరో ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు. పెట్టాను. ఏ విభాగమని అడిగినచోట, పేరులో ఆవు ఉంది కదా అని, నాకు కనిపించిన పశుపోషణ మీద వేలు పెట్టాను. ఎక్కడో గోదావరి వైపు రైతు ఒకాయన కొని, మేత గురించి ఒక్క ముక్క లేదు, ఎవరూ మోసపోవద్దని అందరికీ కనిపించేలా రాశాడు. నా పుస్తకానికి వచ్చిన మొదటి సమీక్ష అది. తీసేయించడం ఎలాగో తెలియక అలాగే వదిలేశాను. మిగిలిన కాపీలు మా మంచం కింద ఉన్నాయి, మా ఆవిడ చీపురు వాటిదాకా వెళ్ళి వెనక్కి వస్తుంది.

నిజానికి ఆ పుస్తకం కోసం నన్ను అడిగిన మనిషి ఒక్కరే, మా చిన్నమ్మ. అమ్మకు చెల్లెలు. నా చిన్నప్పుడు అమ్మ జబ్బుచేసి మంచాన పడితే, నన్ను పుంగనూరు నుంచి తీసుకుపోయి కుప్పంలో చిన్నమ్మ దగ్గర వదిలారు. ఆమెకు పిల్లలు లేరు. పట్టుపురుగులకు వేసే మల్బరీ ఆకు కోతకు కూలికి పోయేది, వచ్చేటప్పుడు కొంగులో నాకోసం ఏదో ఒకటి ముడేసుకుని వచ్చేది. ఆమె చేతి సంగటీ, రోట్లో నూరిన ఊరుబిండి పచ్చడీ తింటూ, వీధి పిల్లలతో సగం తెలుగు, సగం అరవం మాట్లాడుతూ ఏడాదికి పైగా అక్కడ పెరిగాను. అమ్మకు నయమయ్యాక నాయన వచ్చి నన్ను తీసుకుపోయాడు. ఆ రోజు చిన్నమ్మ బస్సు దాకా రాలేదు. ఆకు కోతకు ఆలస్యమైందని, నా తల ఒకసారి నిమిరి తోట వైపు వెళ్ళిపోయింది. అందుకే నేనెలా వెళ్ళానో ఆమె చూడలేదు. అప్పటి నుంచి పెళ్ళిలో కలిసినా, చావు దగ్గర కలిసినా, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే అడిగేది.

"ఆ పొద్దు బస్సులో ఏడిస్తివా నాయనా?"

నేను నవ్వేసి మాట మార్చేవాణ్ణి. మీసాలొచ్చిన కొత్తలో అది చెప్పడం నామోషీ, అవి నెరిశాక మరీ నామోషీ. జవాబు మాత్రం పుస్తకంలో రాశాను. చివరి అధ్యాయం మొత్తం ఆ బస్సు ప్రయాణమే. కుప్పంలో బస్సు కదిలిన దగ్గర్నుంచి వి.కోట దాకా నేను వెక్కి వెక్కి ఏడుస్తూనే ఉన్నాను. కండక్టరు టికెట్టు కొడుతూ, ఎవరి కోసరమప్పా అంత ఏడుపు అని అడిగాడు. మా అమ్మ కోసరం అన్నాను. పక్కనే ఉన్న నాయన, అమ్మ దగ్గరికే కదా మనం పోయేది అనబోయి, నా వేలు వెనక్కి, కుప్పం వైపు చూపిస్తుండడం చూశాడు. ఇక పుంగనూరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఈ సంగతి ప్రెస్సు ఆపరేటరుకు తప్ప నేను ఎవరికీ నోటితో చెప్పలేదు.

పుస్తకం అచ్చయ్యాక ఒక కాపీ కుప్పం పంపాను. చిన్నమ్మకు చదువు రాదు. ఆమెతో పాటు ఆమె మరిది కోడలు ఉంటుంది, చదువుకున్న అమ్మాయే, కానీ రోజూ రైల్లో బెంగుళూరు పోయి ఉద్యోగం చేసి వచ్చే మనిషిని నా పుస్తకం కూడా మోయమనడం న్యాయం కాదు. ఆ అమ్మాయి ఫోను నుంచే చిన్నమ్మ నాకు కబురు చెప్పింది. రాసినవాడివి నువ్వే కదా, నువ్వే చదువు, నేను వింటానంది. మొదట నేరుగా ఫోన్ చేసి చదవబోయాను. అది సాగలేదు. వాక్యానికొకసారి అడ్డం వచ్చేది. ఫలానా ఆయనకు ఇద్దరు పెళ్ళాలు, ఒకామెను ఎందుకు వదిలేశావనేది. పాలు పోయడానికి వచ్చినామె గురించి రాశానని చెబితే, రెండో ఆమె మాత్రం ఏం పాపం చేసిందనేది.

అప్పుడు తెలిసింది, మా ఇళ్ళలో అందరూ వాడే ఆ పచ్చ గుర్తు యాప్‌లో గొంతు కూడా పంపొచ్చని. మైకు బొమ్మ మీద బొటనవేలు నొక్కిపెట్టి మాట్లాడాలి, వేలు ఎత్తగానే మాట వెళ్ళిపోతుంది. నాకు అర్థమైంది అంతే. కుడిచేతిలో ఫోను, ఎడమచేతిలో పుస్తకం. పేజీ తిప్పడానికి మూడో చెయ్యి లేదు. మా ఆవిడను తిప్పమంటే ఒకసారి రెండు ఆకులు కలిపి తిప్పేసి, నాకేం తేడా తెలియలేదే అంది. దాంతో తెరిచిన పేజీలు అయిపోయేదాకా చదివి, వేలు ఎత్తేసేవాణ్ణి. పేజీ ఎక్కడ ఆగితే నా కథ అక్కడ ఆగేది. రోజుకు ఒక ముక్క, అంతకు మించి నా బొటనవేలు ఒప్పుకునేది కాదు. రాత్రి దానికి నొప్పుల మందు రాసుకునేవాణ్ణి.

సాయంత్రం రైలు దిగి వచ్చిన ఆ అమ్మాయి ఫోను తీసి చిన్నమ్మ చేతికిచ్చి వంట మొదలుపెట్టేదట. ఒకనాటి ముక్క, ఈనలేక పడిపోయిన పెద్దావు అన్న మాట దగ్గర తెగింది. కాసేపటికే ఫోను వచ్చింది.

"పెద్దావు అని నిలిపేస్తివే. అది లేసిందా లేదా సెప్పు, నాకు కూడు దిగలేదు."

లేచిందని చెప్పాకే పెట్టేసింది. వంటింటి పక్కన కూర్చుని చదివేవాణ్ణి కాబట్టి నా ముక్కల్లో మా కుక్కరు కూతలు, రోడ్డు మీద టమాటా లారీల హారన్లు, గేటు దగ్గర పూలమ్మే ఆమె కేకలు, మా ఆవిడ నన్నడిగే ప్రశ్నలు అన్నీ పడేవి. చిన్నమ్మ వాటికీ జవాబులు చెప్పేది. మీ ఇంట్లో పప్పుకు అన్ని కూతలెందుకు, కొత్తిమీర తెమ్మని ఆ పిల్ల మొత్తుకుంటుంటే పలకవేం అనేది. మోకాళ్ళ నొప్పులతో ఆమె మా ఇంటికి వచ్చి ఏళ్ళయింది. ఆ చప్పుళ్ళు వింటూ రోజూ వచ్చి కూర్చునేదని నాకప్పుడు తోచలేదు. రాసినవాడి గొంతు వెనక కుక్కరేమిటని నాకు సిగ్గుగా ఉండేది.

చివరి అధ్యాయం ఇక వస్తుందనగా చిన్నమ్మ ఫోనులో మళ్ళీ పాత ప్రశ్నే అడిగింది. ఈసారి నేను నవ్వేయలేదు. దానికి జవాబు పుస్తకం చివర ఉంది, కొంచెం ఓపిక పట్టమన్నాను. సరేనంది. తర్వాత, నా గొంతు సరిగా రావడం లేదని కూడా చెప్పింది.

"యాడ్నో దూరంగా నిలబడి సదివినట్టుండాది నాయనా. రవ్వంత గట్టిగా సదువు."

ఎనభై దాటిన మనిషి ఆ మాట అంటే ఎవరైనా ఏమనుకోవాలి? చెవి మందగిస్తోందనుకోవాలి. నేను నా ఫోను మైకు పాడైందనుకున్నాను. ఎక్కడ ఏ తేడా వచ్చినా నేనే ఏదో మీట తప్పు నొక్కి ఉంటాననుకోవడం అప్పటికి నాకు అలవాటైపోయింది. మర్నాడే బస్టాండు దగ్గర మొబైల్ షాపు భాయి దగ్గరికి వెళ్ళాను. వేలు ఎత్తకుండా చదువుతున్నానని చెబితే ఆయన చాలాసేపు నా బొటనవేలు వంక చూసి, మైకు బొమ్మను పైకి తోస్తే లాక్ పడతాది సార్, వేలు తీసేయొచ్చు అన్నాడు. సిగ్గుతో, ఆయన చూపిన కాలర్ మైకు బేరం కూడా ఆడకుండా కొనేశాను. చుట్టుపక్కల చప్పుళ్ళు తీసేసే యాప్ ఒకటి కూడా ఎక్కించి ఇచ్చాడు. చివరి అధ్యాయాన్ని కుక్కరు కూత కూడా లేకుండా రేడియోలో వచ్చినట్టు పంపిస్తానని చిన్నమ్మకు గొప్పగా చెప్పాను. యాల నాయనా, ఉండనీలే, ఇల్లు మాదిరి ఉండాది అంది. నేను వినలేదు.

కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ చదివాను. అంతా అయ్యాక చూస్తే మైకు ఆన్ చేయలేదు. ఇంకోసారి, చప్పుళ్ళు తీయమంటే ఆ యాప్ నా గొంతునే చప్పుడనుకుని తీసేసింది. మరోసారి నాయన కిటికీలోంచి చూస్తున్నచోటు చదువుతుండగా ఫోను మోగి, ఒక అమ్మాయి లోను కావాలా అని అడిగింది. మా ఆవిడ వంట వాకిట్లోకి మారింది. ఇలా వానలు మొదలై, వానలు వెనకబట్టాయి. మధ్యలో చిన్నమ్మ ఇంకా కాలేదా అని అడిగించింది, తర్వాత అడిగించడం మానేసింది. నేను దాన్ని ఓపిక అనుకున్నాను. మదనపల్లెలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి కుప్పంలో ఉంటాను, ఎదురుగా కూర్చుని చదవొచ్చు. ఇన్ని మీటలు నేర్చుకున్నవాడికి ఆ ఒక్కటి తట్టలేదు. దానికి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

ఎట్టకేలకు అధ్యాయం కుదిరింది, పంపాను. రెండు రోజులు చూసినా జవాబు లేదు. నేనే ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఎత్తింది.

"పెద్దత్తకు ఇప్పుడేమీ ఇనపడ్డం లేదు బావా. సెవికి మిషను పెట్టి సూసినారు, నరమే పోయిండాదన్నారు. మీకు సెప్పొద్దనింది. అంత కష్టపడి సదువుతాండాడు, ఇంటే బాధపడతాడనింది."

మర్నాడు బస్సెక్కాను. పుంగనూరు, పలమనేరు, వి.కోట, అవే ఊళ్ళు, వెనక నుంచి ముందుకు. చిన్నమ్మ వాకిట్లో చాప మీద అనపకాయలు ఒలిచి గింజలు తీస్తోంది. నన్ను చూసి ముఖం విప్పారింది. మా ఆవిడ బాగుందా, పిల్లలు బాగున్నారా అని తనే అడిగి, నేను తలూపుతుంటే తనే సరేలే అనుకుంది. ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ ఫోను తీసి ఆ అధ్యాయం పెట్టాను. ఆమె తీసుకుని, ఇన్నాళ్ళూ సాయంత్రాలు పెట్టుకున్నట్టే చెవికి ఆనించుకుంది. నా గొంతు స్పష్టంగా, అచ్చం రేడియోలో లాగే వస్తోంది, నాకు వినిపిస్తోంది. ఆమె కళ్ళు మూసుకుని కొంతసేపు అలాగే ఉండి, ఫోను తిరిగిచ్చింది.

"కుక్కరు లేదు, లారీ లేదు. యే సద్దూ లేదు. బాగా తీసేసినావప్పా."

అని నవ్వింది. నన్ను ఆటపట్టించడానికే అంది, చిన్నప్పటి నుంచీ ఆమె అంతే. నేను నవ్వలేకపోయాను.

పాత ప్రశ్న ఆమె ఇక అడగలేదు. నేనే ఆమె ఎదుట గొంతుక్కూర్చుని, బస్సులు పోయే రోడ్డు వైపు చెయ్యి చూపించి, ఆమె వైపు చూపించి, రెండు వేళ్ళతో నా కళ్ళ కింది నుంచి చెంపల మీదికి గీతలు గీశాను. ఆగకుండా గీస్తూనే ఉన్నాను. చేతిలో అనపకాయ పక్కన పెట్టింది. ఏడిస్తివా, అంది, అడిగినట్టు కాకుండా. తలూపాను.

"ఇది సెప్పేదానికి అంత పుస్తకం రాయాల్నా నాయనా" అని కొంగుతో నా చెంపలు తుడిచింది. అవి అప్పటికి నిజంగానే తడిగా ఉన్నాయి.

ఏడ్చానని చెప్పగలిగాను. ఎవరి కోసమని కండక్టరు అడిగితే ఏమన్నానో మాత్రం సైగల్లో చెప్పడం నాకు చేతకాలేదు. అమ్మ అని పెదవులు కదిపితే, పోయిన మా అమ్మను తలచుకుంటున్నాననుకుని, మా అక్క బంగారం అంటూ మొదలుపెట్టింది. నేను అడ్డు చెప్పలేదు. ఇప్పుడు నెలకోసారి కుప్పం పోతున్నాను. పోయినప్పుడల్లా చాప మీద కూర్చుని ఆమెతోపాటు ఏదో ఒకటి ఒలుస్తాను.

నిన్న ఆ పలక ముందు కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాను. పూలగుత్తులన్నీ తీసేశాను, వాటితోపాటు అంత కష్టపడి చేసిన ఆ శుభ్రమైన అధ్యాయాన్నీ తీసేశాను. కుక్కరు కూతల ముక్కలు మాత్రం ఉంచుకున్నాను. ఫోను చోటు దొరికిందని తృప్తిపడి, టమాటా ధర చూపించింది. వేలు ఎత్తితే ఎక్కడి మాట అక్కడే తెగిపోతుందని ఆ రోజుల్లో ఎంత విసుక్కున్నానో. తెగిపోయిన ఆ మాటలే ఆమెకు చేరాయి, పూర్తిగా చెప్పాలని దాచుకున్న ఒక్క మాట కోసం కాలం ఆగలేదు.