బ్యాకప్ కార్డు ఎవరిది?

2024 జూన్ నెల. హోసూరు బస్టాండు వెనక వీధిలో ఒక ఆన్‌లైన్ పేమెంట్ కంపెనీ సర్వీసు కౌంటర్లో పనిచేస్తున్నాను. కృష్ణగిరిలో ఇంజనీరింగ్ చదివాక దొరికిన మొదటి ఉద్యోగం అది. మా దగ్గరికి వచ్చే పనులు ఎక్కువగా మూడు రకాలు: కొత్త కార్డును ఖాతాకు లింక్ చేయడం, పాతదాన్ని తీసేయడం, ఒకటికి మించి కార్డులుంటే ఏది ముందో ఏది వెనకో నిర్ణయించడం. ముందుండేది ప్రైమరీ కార్డు. అందులోంచి డబ్బు రాకపోతే ఖాతా తనంతట తానే వెనకున్న దాన్ని వాడుకుంటుంది. దాన్ని బ్యాకప్ కార్డు అంటాం. ఈ పనిలో భయపడాల్సిందేమీ ఉండదనే అప్పటిదాకా అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం రత్నమ్మ అనే ఆమె వచ్చింది. ఒంటిమీద ఇంకా ఫ్యాక్టరీ యూనిఫాం ఉంది. కుర్చీ చూపించినా కూర్చోకుండా కార్డు తీసి నా ముందు పెట్టింది.

"మనిషి యాడుండాడో తెలిసే మిషను ఏమన్నా దీంట్లో పెట్టినారేమో చూడప్పా."

"కార్డులో అట్లాంటిది ఉండదమ్మా. ఎందుకు అడుగుతున్నారు?"

ఆమె ఫోన్ తిప్పి చూపించింది. ఒక బేకరీ అద్దాల బీరువా ఫోటో, దాని కింద ఒక్క వాక్యం: "ఈడ బన్ను బాగుంటుందా?"

పంపింది ఆమె భర్త. కెలమంగలంలో పట్టుపురుగులు పెంచుతాడు. దెబ్బలు పడలేక ఆమె కూతుర్ని తీసుకుని హోసూరు వచ్చేసింది. గది ఎక్కడో, పని ఎక్కడో ఎవరికీ చెప్పలేదు. ఆ బేకరీలో పాపకు రోజూ బన్ను కొంటుంది.

"పక్క రూములో ఆమె చెప్పిందేమో అనుకొన్నాను. పాపం, ఆమెతో మాట్లాడేది కూడా మానేసినాను."

"బేకరీలో డబ్బు ఎట్లా కడతారు?"

"ఫోన్లోనే. ఈ కార్డు దాంట్లోనే ఉంది కదా."

ఆమె ఫోన్లోనే ఖాతా సెట్టింగ్స్ తెరిచాను. అందులో ఉన్న మెయిల్ ఆమెది కాదు. మా పక్క ఊళ్లలో ఇది మామూలే. ఇంటికంతా ఒకే నంబరు, ఒకే మెయిల్, అది ఇంటాయనది. గ్యాస్‌కు, బ్యాంకుకు, పట్టుగూళ్ల డబ్బుకు అన్నిటికీ దాన్నే ఇస్తారు. ఈ ఖాతా కూడా గూళ్ల డబ్బు కోసం ఆయన పేరున తెరిచిందే. తర్వాత ఫ్యాక్టరీ జీతం కార్డు రాగానే ఆమె దాన్నీ అందులోనే లింక్ చేసుకుంది. ఆమె ఎక్కడ డబ్బు కట్టినా, అంగడి పేరుతో సహా రసీదు ఆయన మెయిల్‌కు పోతోంది.

విషయం చెప్పాను. ఆమె బల్లమీది కార్డును చేతిలోకి తీసుకుంది.

"అంటే యాడుండేది నేనే చెప్పతా వచ్చినానా?"

అవునని తలూపాను.

"అయితే దీన్ని తీసేయప్పా. ఇప్పుడే తీసేయి."

ఏదైనా తీసేసే ముందు ఖాతాలోని అన్ని పేజీలూ వరసగా చూడటం నాకు అలవాటు. లింకైన కార్డులు: ఆమెది ప్రైమరీ, ఆయనది బ్యాకప్. లాగిన్ అయిన ఫోన్లు: ఆమెది కాక ఇంకొకటి. దాని పక్కన 'ఇప్పుడు వాడుకలో ఉంది', దాని కింద 'హోసూరు'. అంటే ఆయన ఈ ఊళ్లోనే ఉన్నాడు. చివరి పేజీ ఆటోపే, అంటే అనుమతి ఇచ్చిన చోటికి ప్రతి నెలా డబ్బు తానుగా వెళ్లే ఏర్పాటు. అందులో ఒక బడి పేరు ఉంది. అనుమతి ఇచ్చినప్పుడు మెయిల్ పోదు, మొదటిసారి డబ్బు వెళ్లినప్పుడే పోతుంది.

"ఇదేంటమ్మా?"

"పాప బడి. పోయిన వారం స్కాన్ చేయమంటే చేసినాను. ఇంకా డబ్బు పట్టలేదు."

"ఆయనకు బడి తెలుసా?"

"తెలీదప్పా. తెలిస్తే బిడ్డను ఎత్తుకొని పోతాడు. నువ్వు రాకుంటే పోనీ, బిడ్డ నాది అన్నాడు."

 ఆమె కార్డు తీసేస్తే, బడి ఫీజు అడిగిన వెంటనే ఖాతా బ్యాకప్ కార్డు వైపు వెళుతుంది. అది ఆయనది. బడి పేరుతో మెసేజ్ నేరుగా ఆయన ఫోన్‌కు పోతుంది. అలా కాదని ఇక్కడినుంచి ఆటోపేను రద్దు చేస్తే, ఏది రద్దయిందో చెబుతూ ఆయనకే మెయిల్ పోతుంది. ఏమీ చేయకపోతే, ఫీజు రసీదు ఆయన మెయిల్‌కే పోతుంది, అంతకంటే ముందే అదే ఖాతాను తెరిచి ఉన్న మనిషి ఏ క్షణంలోనైనా ఈ పేజీకి రావచ్చు.

ఖాతా ఆయనది, అందులో నేను చేయి పెట్టకూడదు. కార్డు మాత్రం ఆమెది, బడిలో ఉన్నది ఆమె బిడ్డ. పని ఆ రెండు వైపుల నుంచే జరగాలి.

రత్నమ్మతో బడికి ఫోన్ చేయించాను. ఆఫీసులో ఉండే మేడం ఎత్తింది.

"ఈ నెల ఫీజు ఆన్‌లైన్లో అడగొద్దు మేడం. నేనే వచ్చి చేతికి ఇస్తాను."

"ఆన్‌లైన్లో కట్టండని మేము నెత్తీ నోరూ కొట్టుకొంటా ఉంటే, నువ్వు వద్దంటావేమ్మా? సాయంకాలం అందరికీ ఒకేసారి పోతుంది అది."

ఫోన్ నేను తీసుకుని సంగతి చెప్పాను.  "ఉండండి, ఆటోపే లిస్టులోంచి పాప పేరే తీసేస్తాను" అంది ఆమె.

ఒక్కసారి కూడా డబ్బు వెళ్లని ఆటోపేను అవతలి వాళ్లే రద్దు చేస్తే ఖాతాదారుకు మెయిల్ పోదని మా గైడులో ఉంది. అది నిజమో కాదో నేనెప్పుడూ పరీక్షించి చూడలేదు. పేజీని రిఫ్రెష్ చేశాను. బడి పేరు అట్లాగే ఉంది. మళ్లీ చేశాను, ఉంది. రత్నమ్మ కౌంటరు అంచు గట్టిగా పట్టుకుంది. ఇంకోసారి చేస్తే పేజీ ఖాళీగా వచ్చింది. రెండో ఫోన్ పక్కన మాత్రం 'ఇప్పుడు వాడుకలో ఉంది' మారలేదు.

తర్వాత ఆమె బ్యాంకు యాప్ తెరిపించాను. కార్డును ఏ యాప్‌లోనైనా లింక్ చేస్తే అక్కడ ఉండేది కార్డు నంబరు కాదు, దానికి బదులుగా టోకెన్ అనే కోడ్. ఏయే చోట్ల టోకెన్లు ఉన్నాయో బ్యాంకు చూపిస్తుంది. అక్కడినుంచి తీసేస్తే మెసేజ్ ఆమె నంబరుకే వస్తుంది. వచ్చింది. మా యాప్‌ను ఆమె ఫోన్ నుంచి తొలగించి, పాపను తెచ్చుకోమని వెనక సందులో ఆటో ఎక్కించాను.

తిరిగొచ్చి కూర్చున్న కాసేపటికే ఒకాయన వచ్చి ఫోన్ ముందు పెట్టాడు.

"నా ఖాతాలో ఈ కార్డు చెల్లదంటా ఉంది. ఎందుకప్పా?"

చివరి అంకెలు రత్నమ్మ కార్డువి. రూలు ప్రకారం ఆయన మా కస్టమరు. చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు. 

"బ్యాంకు వైపు నుంచి తీసేశారు సార్. మాకు తెలిసేది అంతే."

"ఈడ ఏదో ఇస్కూలు పేరు సూసినట్టుంది. పూర్తిగా సదవలేదు. అదేందో తెచ్చి పెట్టు."

"తీసేసినవి మాకు కనిపించవు సార్." అది నిజమే.

"ఇంజనీరింగ్ సదివినోళ్లంట. ఈ మాత్రం చేతకాదా?" నవ్వి ఫోన్ జేబులో వేసుకున్నాడు. "పోనీలే. హోసూర్లో ఎన్ని బడులుంటాయి? తిరిగితే దొరకదా."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి రత్నమ్మకు ఫోన్ చేశాను. ఆమె అప్పటికే బడికి చేరి పాపను తీసుకుంది. ఆ సాయంత్రమే మహిళా పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చింది. పాపను తల్లి చేతికి తప్ప ఇంకెవరికీ ఇవ్వబోమని బడి వాళ్లు రాసిచ్చారు. కొన్నాళ్లకు ఇద్దరూ హోసూరు వదిలారు. ఎక్కడికని ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

కార్డు తీసేయడం చిన్న పనే. తీసేస్తే ఎవరికి ఏ కబురు పోతుందన్నది వేరే లెక్క. దాన్ని మాకు శిక్షణలో ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు ఎవరు కార్డు తెచ్చినా ముందు ఒకటే అడుగుతాను: "ఈ ఖాతా మెయిల్ ఎవరు చూస్తారు?"

"ఇంట్లో వాళ్లేలే" అంటారు చాలామంది. అక్కడే నేను ఆగుతాను. ఇంట్లో ఎవరన్నది తేలేదాకా కార్డు ముట్టుకోను.