మంచె దిగిన యాకమ్మ

మా మేనత్త యాకమ్మ వడిసెల తిప్పి రాయి వదిలితే, అది లింగాల ఘనపూర్ చేన్ల మీదుగా లేచి, స్టేషన్ ఘన్‌పూర్ దాటుతున్న రైలును వెనకనుంచి అందుకుని, గార్డు చేతిలోని పచ్చజెండాను చింపి, తిరిగొచ్చి ఆమె కాళ్ల దగ్గరే పడేది. మళ్లీ రాయి ఏరుకునే పని కూడా ఉండేది కాదు. నమ్మనివాళ్లు ఆ గార్డునే అడగండి. ఆయన ఇప్పుడు బతికి లేడు, అది నా తప్పు కాదు.

నేను నాలుగో తరగతిలో బడి మానేశానని ఊళ్లో చెప్పుకుంటారు. అబద్ధం. బడే నన్ను భరించలేక పక్కకు తప్పుకుంది. చదువు పూర్తి చేసిన మావాళ్లలో ఒక్కడికీ ఈ కథ చెప్పడం చేతకాదు కాబట్టి నేనే చెప్పాల్సి వస్తోంది.

పొద్దున ఎద్దుబండి కడితే ఎండ ముదరకముందే స్టేషన్ ఘన్‌పూర్ చేరే ఊరు మాది. జొన్న పాలకంకి పట్టిందంటే నాలుగు చేన్లవాళ్లు యాకమ్మ ఇంటి ముందు నిలబడేవారు. చేను నడుమ నాలుగు గుంజల మీద కట్టిన మంచె ఎక్కి, నారతో పేనిన వడిసెలలో రాయి పెట్టి ఆమె ఒక్క చుట్టు తిప్పితే చిలకల గుంపు పక్క ఊరికి కాపురం మార్చేది. పిట్టకు తగలకుండా, పిట్ట పక్కనున్న గాలికి తగిలేలా కొట్టడం ఆమె పనితనం. ఎవరైనా మెచ్చుకుంటే, "సంపనీకి కాదు, సాగనంపనీకి" అనేది.

రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న రోజుల్లో మా ఊరు ఒక కట్టడి చేసుకుంది. ప్రమాదం వస్తే తప్ప డప్పు మోగకూడదు. మోగిందా, మగవాళ్లు గుతుపకర్రలు పట్టాలి, ఆడవాళ్లు కారప్పొడి పట్టాలి, యాకమ్మ బురుజెక్కాలి. ఇక రెండేళ్లు ఊళ్లో పెళ్లిళ్లన్నీ చప్పుడు లేని పెళ్లిళ్లే. ఊరేగింపులో మేమంతా పెళ్లికొడుకు చుట్టూ చేరి నోటితోనే "డండణక, డండణక" అని గుసగుసలాడుతూ నడిచేవాళ్లం. చూసినవాళ్లకు పెళ్లిలా కాదు, పెళ్లికొడుకును ఎత్తుకుపోతున్నట్టు ఉండేది.

ఒకనాటి పొద్దున డప్పు నిజంగానే మోగింది. రజాకార్లు వచ్చారు, యాకమ్మ బురుజు మీదినుంచి రాళ్లు కురిపించింది, గుర్రం మీదున్న ఒకడు కిందపడ్డాడు, మిగతావాళ్లు వాణ్ని బండిలో వేసుకుని వెనక్కి మళ్లారు. ఊరు ఆమెను భుజాల మీద తిప్పింది. ఆ సాయంత్రం కల్లుమండువాలో నేను కథ చెప్పడం మొదలుపెట్టాను. మొదటి ముంతకు పడిపోయినవాడు ఒకడే. రెండో ముంతకు ముగ్గురయ్యారు. వారం తిరిగేసరికి పదకొండు మంది, రెండు గుర్రాలు. ఊరికి ఏ చుట్టం వచ్చినా యాకమ్మ ఇంటికి పట్టుకొచ్చి, "అక్కా, పదకొండు మంది కథ చెప్పు" అనేవారు. ఆమె చెప్పేది కాదు. నేనే చెప్పేవాణ్ని.

మరుసటి బతుకమ్మకు ముందే యూనియన్ సైన్యం వచ్చింది, రజాకార్లు పోయారు. కమ్యూనిస్టు దళాలు భూపాలపల్లి వైపు అడవులకు జరిగాయి. మా ఊరు కాస్త ఊపిరి పీల్చుకుంది. యాకమ్మ మాత్రం పీల్చుకోలేదు.

మొదట్లో ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే నవ్వొచ్చేవి. ఉప్పుకుండలో చెయ్యి పెడితే గులకరాయి. జొన్నల గంపలో గులకరాయి. చీర కొంగున నాలుగు. ఆమె పెనిమిటి సోమయ్య ఒకరోజు నా దగ్గర మొరపెట్టుకున్నాడు.

"దిండు కింద పిడికెడు రాళ్లు పెట్టుకుంటది అల్లుడా! నా తల ఒకదిక్కు సొట్టవోయింది, సూడు!"

"అది పుట్టినప్పటి సొట్టనే మామా."

నవ్వుకున్నాం. కానీ ఆమె ఎదుట ఎవరైనా చెంబు కింద పడేస్తే అంత ఎత్తున ఎగిరి లేచేది. తిండి సగమైంది. వెనకనుంచి సోమయ్య దగ్గితే రాయి పట్టుకుని తిరిగేది. అన్నిటికంటే ఆశ్చర్యం, ఆ ఏడు జొన్న పాలకంకి పట్టినా ఆమె మంచె ఎక్కలేదు. పైనుంచి చూస్తే చేలో ఎవరో పడి ఉన్నట్టు అనిపిస్తుందని సోమయ్యతో అన్నదట. చిలకలు చుట్టాలను కూడా పిలుచుకుని వచ్చి తిన్నాయి.

సోమయ్య గాలి సోకిందన్నాడు. మంత్రం వేసే చత్రును పిలిపించాడు. చత్రు నిమ్మకాయ తిప్పి దిష్టి తీసి, దాన్ని మూడుదార్ల కాడ పారెయ్యమన్నాడు. యాకమ్మ నిమ్మకాయ వంక ఒకసారి చూసి, "రసం మంచిగున్నది, పులుసుల ఏస్త" అంది. వేసింది కూడా. పులుసు బాగుంది, దడ అలాగే ఉంది.

మాఘమాసంలో పోశాలు బిడ్డ పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకుది బయ్యారం దిక్కు. వాళ్లు రైలెక్కి స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగి, అక్కడే ఎర్రయ్య అనే డప్పు వాయించేవాణ్ని మాట్లాడుకుని, బండ్లు కట్టించుకుని వచ్చారు. మా ఊరి కట్టడి వాళ్లకేం తెలుసు? కట్టడి తీసేశామని మాకే సరిగ్గా గుర్తులేదు. ఊరి మొదట్లో పెళ్లికొడుకు తండ్రి జగపతి బండి దిగి "కొట్టురా ఎర్రయ్యా, ఊరు లేవాలె!" అన్నాడు.

ఊరు లేచింది.

పెళ్లికూతురి తండ్రి పోశాలు వంటల దగ్గరున్న కారం గిన్నె అందుకుని ఊరి మొదటికి ఉరికాడు. వియ్యంకుడికి ఎదురేగి కారప్పొడితో స్వాగతం చెప్పినవాడు ఈ దేశంలో ఆయన ఒక్కడే. మగవాళ్లు గుతుపల కోసం వెతుక్కున్నారు. నేను, దాచడం ఎందుకు, గడ్డివాములో దూరాను. అది యుద్ధవ్యూహం.

యాకమ్మ అప్పటికే బురుజు మీద ఉంది. రాయి వచ్చింది. ఎర్రయ్య డప్పును చీల్చి అతని చంక పక్కనుంచి దూసుకుపోయింది. రంధ్రంలోంచి చూస్తే అతని చొక్కా గుండీ కనిపించింది.

జగపతి ఆ రంధ్రంలో వేలు పెట్టి చూశాడు. తర్వాత అన్నాడు: "మా బయ్యారంల రాళ్లు ఇనుపరాళ్లు బావా! అయినా ఎగురవు. మీ ఊరి రాళ్లకు రెక్కలున్నయా ఏంది?"

ఊరంతా పగలబడి నవ్వింది. పోశాలు చేతిలో కారం గిన్నెను చూసుకుని తుమ్ముతూ నవ్వాడు. నవ్వుతూనే పందిట్లోకి పోయారు, పప్పన్నం తిన్నారు, దడ అక్కడే దిగిపోయింది అందరికీ. యాకమ్మకు దిగలేదు. ఆమె పిడికిలికి చుట్టుకున్న వడిసెలను సోమయ్య ఒక్కో వేలు విడదీసి తియ్యాల్సి వచ్చింది.

మూడో రోజు ఎర్రయ్య యాకమ్మ ఇంటికొచ్చాడు, చిరిగిన డప్పు చంకన పెట్టుకుని. నేనూ అక్కడే ఉన్నాను, కథలో కొత్త ముక్క దొరుకుతుందని.

"అక్కా, నా డప్పుకు కన్ను పెట్టినవ్. ఇగ అది నన్నే సూస్తున్నది," అన్నాడు.

యాకమ్మ నవ్వలేదు. "తమ్మీ, జర అటు జరిగితే నీ గుండెల పడుండె."

"పడలే గదక్కా!"

"పడలే. గని నేను ఇసరాలె అనుకోలే. డప్పు ఇన్న, చెయ్యి లేసింది. నా చెయ్యి నన్ను అడగలే." ఆమె తన అరచేతిని వేరెవరిదో చూసినట్టు చూసింది. "మొన్న అందరికి దడ పుట్టింది, కాదన. పోశాలన్నకు పుట్టింది, వీనికి పుట్టింది, గడ్డివాముల దూరిండు..."

"అది యుద్ధవ్యూహం అత్తా."

"నోరు మూయి. అందరికి పుట్టింది, బువ్వ తినేసరికి పోయింది. నాకు ఆర్నెల్లయినా పోలే. తినబుద్ధి కాదు, మంచె ఎక్కబుద్ధి కాదు. రేపు ఈ ముసలోడు ఎనకనుంచి దగ్గితే ఈని తల పగులుతది. ఇది నాతోని అయ్యే పని కాదు. ఎవలకన్న చెప్పుకోవాలె."

ఎర్రయ్య నవ్వు ఆపి డప్పు కింద పెట్టాడు. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలుకట్ట అవతల చిన్న దవాఖాన ఉందనీ, అక్కడి దేవదాసు కంపౌండర్ పెద్ద యుద్ధంలో బర్మా దాకా పోయి సిపాయిలకు కట్లు కట్టి వచ్చాడనీ చెప్పాడు. "దెబ్బలు మానినంక గూడ దడ మానని సిపాయిలు ఆయన ముందట కూసోని మాట్లాడెటోల్లట. మీసాలోల్లు గూడ ఏడ్సెటోల్లట."

సోమయ్య లేచి నిలబడ్డాడు. "దవాఖానకా? జరం లేదు, దెబ్బ లేదు. ఏమని పోతవే? యాకమ్మకు పిచ్చి లేసిందంటరు జనం!"

"అననీ. లేవకముందే పోతున్న."

మరునాడు పొద్దున నేను బండి కట్టాను. సోమయ్య రానని భీష్మించి, బండి ఊరి చివరకు చేరేసరికి వెనకే ఉరికొచ్చి ఎక్కాడు.

దేవదాసు బక్కపల్చని మనిషి, మెడలో సన్న సిలువ, ముక్కు మీద కళ్లద్దాలు. దవాఖాన గదిలో చాప మీద ఉతికి ఆరేసిన గుడ్డ పట్టీలు కుప్పగా ఉన్నాయి. ఆయన వాటిని చుట్టలు చుడుతున్నాడు. యాకమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, ఒక పట్టీ కొస ఆమె చేతికిచ్చాడు.

"సుట్టు బిడ్డా. చేతులకు పని ఉంటే మాట సులువుగ వస్తది. ఏం తకలీఫ్?"

సోమయ్యను, నన్ను బయట కూర్చోమన్నాడు. నేను కిటికీ కిందే ఎద్దులకు మేత వేశాను. ఎద్దులకు ఆకలి లేదు, నాకుంది.

యాకమ్మ డప్పు సంగతి చెప్పింది, రాళ్ల సంగతి చెప్పింది. తర్వాత బురుజు మీది కథ మొదలుపెట్టింది, నా మాటల్లోనే. "పదకొండు మందిని పడగొట్టిన్నట, రెండు గుర్రాలట..."

"అది ఊరి కథ," అన్నాడు దేవదాసు. "నువ్వు ఎందర్ని పడగొట్టినవు బిడ్డా?"

పట్టీ చుడుతున్న చప్పుడు ఆగింది.

"ఒక్కన్ని. నేను గుర్రాన్ని బెదిరిద్దామని కొట్టిన బాపూ. గుర్రం తల వంచింది. ఆనికి తాకింది. కింద కూసోని తల పట్టుకోని, వాళ్ల మాటల్ల అమ్మను పిలిసిండు. బతికిండో సచ్చిండో ఎరుక లేదు. ఊరంత నన్ను ఎత్తుకోని ఎగిరిరి. ఆ నవ్వులల్ల ఈ మాట ఎట్ల చెప్పాలె? ఎవలకు చెప్పాలె?"

కిటికీ కింద నేను ఎద్దు మూపురం వెనక్కి జరిగాను. పదకొండు మందిని తయారుచేసింది నేనే కదా.

దేవదాసు ఆమె చేసింది తప్పనలేదు, ఒప్పనీ అనలేదు. "ఊరిని కాపాడినవు. ఆ మనిషి కోసం బాధపడుతున్నవు. రెండూ నీయే. ఒకటి దాసిపెడితే రెండోది గుండెల రాయైతది. పిచ్చి కాదిది. బర్మాల నీ అసొంటోల్లను ఎందర్నో సూసిన. తిండి, పని, మనుషులు, ఇవి దూరమైతుంటే ఊకె కూసోవద్దు. నువ్వు వచ్చినవు, మంచి పని చేసినవు."

"మందేమన్న ఇస్తవా?"

"ఉన్నది. పట్టీలు శాన ఉన్నయి. మళ్ల ఆదివారం రా."

సోమయ్య బయటినుంచే కేకేశాడు: "నిమ్మకాయ అక్కర లేదా బాపూ?"

"ఎండకాలం వస్తున్నది గదా, షర్బతుకు పట్కరా!"

తిరుగు దారిలో బండి కాలవ దగ్గర ఆపించి, యాకమ్మ కొంగుముడి విప్పి నాలుగు రాళ్లూ పారేసింది. నేను ఒకటి దాచుకోబోతే చేతి మీద కొట్టింది. ఇంటికి చేరాక సోమయ్యకు ఆమె తానే అంతా చెప్పింది. అతను, "ఇగ నుంచి దగ్గే ముందట పేరువెట్టి పిలుస్త," అన్నాడు. అన్నట్టే చేశాడు. "యాకమ్మా!" అనేవాడు, ఆమె తిరిగి చూసేది, అప్పుడు దగ్గేవాడు. ఇరుగుపొరుగు దీన్ని కొత్త రకం సరసమనుకున్నారు.

కల్లుమండువాలో నేను కథ మార్చాను. పడినవాడు ఒక్కడే అని చెప్పాను. ఎవరూ వినలేదు, ముంత కూడా పొయ్యలేదు. నా జీవితంలో నిజం చెప్పి నష్టపోయింది ఆ ఒక్కసారే.

మరుసటి పంటకు యాకమ్మ మంచె ఎక్కింది. చిలకలు ఆమెను చూడగానే లేచిపోయాయి. ఎర్రయ్య కొత్త డప్పు తెచ్చి, ఆమె సరేనన్నాక, చేను గట్టున మెల్లగా వాయించాడు. ఆమె భుజం ఒకసారి అదిరింది. "ఇంకొంచెం గట్టిగ కొట్టు తమ్మీ," అంది.

ఇదంతా రాసి మొన్న ఆమెకు చదివి వినిపించాను. చివర్లో ఇలా పెట్టాను: దేవదాసు నోటినుంచి ఒక్క మాట వచ్చిందో లేదో, యాకమ్మ గుండెలోని దడ ఎగిరి, కదులుతున్న రైలెక్కి, టిక్కెట్టు లేకుండా కాజీపేట దాటిపోయింది, ఒక్క పూటలో మనిషి బాగైపోయింది!

యాకమ్మ చేటలోని జొన్నలు పక్కన పెట్టింది.

"ఒక్క పూట కాదు అల్లుడా. ఏడు వారాలు పోయిన. రెండో వారం నోరే తెర్వలే, ఊకె పట్టీలు సుట్టి వచ్చిన. వానకాలంల మళ్ల దడ వస్తే మళ్ల పోయిన. గంతే."